పాత బోటు చవగ్గా వస్తోందంట, మనకొద్దు

ముందే చెప్పేస్తున్నాను. ముంబైలో అమ్మకానికి ఉన్న ఆ పాత మోటారు బోటు మన కుటుంబం కొనకూడదు. ఎవరి సొంత డబ్బుతో వాళ్ళు కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు, కొబ్బరికాయ నేనే కొడతాను. ఉమ్మడి డబ్బుతో మాత్రం కూడదు. మూడు వారాలుగా ఫోన్లో ఫొటోలు తిరుగుతున్నాయి, అందరూ బాగుంది బాగుంది అంటున్నారు, లెక్క అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని నేను అడుగుతున్నాను.

మా ఇంటి సంగతి తెలియని పాఠకులకి రెండు ముక్కలు. మాది బరంపురం, గోసాని నువాగాం. నాలుగు తరాలుగా ఇక్కడే. పిల్లలు విశాఖ, హైదరాబాదు, ముంబై, ఇంగ్లండు, అమెరికా చేరేరు. పాత ఇంటి పెరడు అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో ఉమ్మడిగా ఉంది. అది పైకప్పు బాగుచేయడానికీ, ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళ మందూ మాకుకీ అని అప్పుడు అందరూ ఒప్పుకున్నదే. ఇప్పుడు ముంబైలో ఉన్న మా మేనల్లుడికి ఒక బేరం తగిలింది. 1996లో కట్టిన ఫైబర్ బోటు, 34 అడుగులు, లోపల పడక గదులు రెండు, చిన్న వంటగది, ఒక టాయిలెట్టు, రెండు డీజిల్ ఇంజన్లు, ఒక్కొక్కటీ 200 హార్స్‌పవర్. చెప్పేది 22 లక్షలు, 18కి దిగుతాడంట. దాన్ని చిలికాకి తెచ్చి, రంభ దగ్గర కట్టి, బామ్మ పేరు పెట్టి, ఏటా సంక్రాంతికీ దసరాకీ అందరం అందులో కలుద్దామని ఆలోచన.

ఆలోచన బాగుంది. బోటు కూడా ఫొటోల్లో బాగుంది. అదే నా భయం.

నేను నలభై ఏళ్ళు డీజిల్ ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. రైసుమిల్లు ఇంజన్లు, నీటి పంపులు, లారీలు, ఊళ్ళో కరెంటు పోతే ఆడే జనరేటర్లు. నాకు తెలిసిన ఒక్క మాట చెప్తాను వినండి: యంత్రం పాతదయ్యే కొద్దీ వెల తగ్గుద్ది గాని ఖర్చు తగ్గదు. కోటి దాటిన బోటు 18 లక్షలకి వస్తోందంటే మిగతా 82 లక్షలు ఎవరో మనకి దానం చేస్తున్నట్టు కాదు. ఆ బోటుకి రంగు వేయాలంటే కోటి రూపాయల బోటుకి పట్టినంత రంగే పట్టుద్ది. పంపు మార్చాలంటే దాని ధర మన కొనుగోలు రసీదు చూసి తగ్గించరు. బోట్లవాళ్ళ మోటు లెక్క ఒకటుంది, ఏడాదికి బోటు విలువలో పదోవంతు దాని పోషణకి పోతాదని. పాత బోటుకి ఆ పదోవంతు మనం పెట్టిన 18 లక్షల మీద కట్టకూడదు, కొత్తదాని ధర మీద కట్టాలి. మన దగ్గర కూలీ తక్కువ కదా అని సగం కోసేద్దాం. అయినా ఏడాదికి అయిదు లక్షలు. మనం కలిసేది సంక్రాంతికి అయిదు రోజులు, దసరాకి అయిదు రోజులు, అదీ అందరికీ సెలవు దొరికితే. రోజుకి యాభై వేలు పడింది. ఇంకా డీజిల్ పొయ్యలేదు.

డీజిల్ కూడా పోద్దాం. ఒక హార్స్‌పవరు గంటసేపు పనిచేయాలంటే ఇంచుమించు లీటరులో అయిదో వంతు తాగుద్ది. 200కి నలభై లీటర్లు, రెండు ఇంజన్లకి ఎనభై. లీటరు తొంభై అనుకున్నా పూర్తి వేగంలో గంటకి ఏడు వేల రెండు వందలు. నెమ్మదిగా వెళ్తే తక్కువే. కానీ నెమ్మదిగా వెళ్ళడానికి నాలుగు వందల హార్స్‌పవరు ఎందుకో ఎవరైనా చెప్పండి.

మేనల్లుడు ఏమన్నాడంటే, "ఏనుగును కొన్నవాడు అంకుశం కొనలేడా మామయ్యా" అన్నాడు. సామెత మంచిదే. కానీ ఏనుగు గుడి ముందు నిలబడితే నాలుగు డబ్బులు తెచ్చిపెడుతుంది. బోటు కట్టు కొయ్యకి కట్టినా తింటాది, కదిలినా తింటాది.

ఇంజను గంటల మీటరు తొమ్మిది వందలే చూపిస్తోందని సంబరపడుతున్నారు. ఇరవై ఏడెనిమిది ఏళ్ళలో తొమ్మిది వందల గంటలంటే ఏడాదికి ముప్పై చిల్లర. ఇంజను తిరిగి చెడేది తక్కువ, తిరక్క చెడేదే ఎక్కువ. అందులోనూ ఇది ఉప్పు నీటి మీద ఉన్నది. బయటి నీటిని లోపలికి లాగి వేడి తగ్గించుకునే ఇంజన్లు ఇవి. ఆ నీరు తిరిగే సన్నటి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటాది. పొగా నీరూ కలిసి బయటికి పోయే వంపు గొట్టం లోపలనుంచి తుప్పు పడతాది, పైకి రంగు మెరుస్తూనే ఉంటాది. అది చిల్లుపడితే నీరు వెనక్కి వచ్చి సిలిండర్లలో చేరుద్ది. అప్పుడు ఇంజను దించాలి. ఇంజను దించాలంటే పై తట్టు కొయ్యాలి. కిర్లోస్కర్ పంపుకి వాల్వు కావాలంటే బరంపురం బజార్లో సాయంత్రానికి దొరుకుద్ది. దీనికి వాల్వు కావాలంటే ఏ దేశానికి రాయాలో ముందు కనుక్కోవాలి.

ఇక ఫైబర్ అంటే చెడదు అనుకుంటున్నారు. చెడుద్ది. ఏళ్ళ తరబడి నీట్లో నానితే పైపూత దాటి లోపలికి తేమ చేరి అడుగున పొక్కులు లేస్తాయి. అంతకన్నా మోసం పై తట్టుది. రెండు ఫైబర్ పొరల మధ్య చాలా బోట్లలో చెక్క ఉంటాది. పైన బిగించిన ప్రతి బోల్టు కన్నంలోంచీ వాననీరు చుక్క చుక్కగా దిగి ఆ చెక్క కుళ్ళుతాది. కాలితో నడిస్తే తెలీదు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి చోట ఠంగుమంటాది, కుళ్ళిన చోట మెత్తగా చప్పుడవుద్ది. ఫొటోలో ఆ చప్పుడు వినిపించదు కదా.

సరే, బోటు నిక్షేపంగా ఉందనే అనుకుందాం. ఎక్కడ పెడతారు?

చిలికా గురించి మనవాళ్ళకి ఒక సముద్రం బొమ్మ మనసులో ఉంది. రైల్లో వస్తూ కిటికీలోంచి చూస్తే అవతలి గట్టు కనపడదు, నిజమే. వానాకాలంలో పదకొండు వందల చదరపు కిలోమీటర్లకి పైన పరుచుకుంటాది. కానీ అది వెడల్పు, లోతు కాదు. ఎండాకాలంలో ఎన్నో చోట్ల మనిషి దిగి నడుస్తాడు. ఇక్కడి నావల అడుగు చదునుగా ఎందుకుంటాదో, ఇంజను ఇరుసు అంత పొడుగ్గా వెనక్కి చాచి, కావలసినప్పుడు చేత్తో పైకెత్తేలా ఎందుకు పెట్టుకుంటారో ఒకసారి చూసి ఆలోచించండి. అది పేదరికం కాదు, ఆ నీటికి తగ్గ తెలివి. మన బోటు నీట్లో మూడు అడుగులు దిగుద్ది. పంకాలు రెండూ, చుక్కాని పలకలు రెండూ అడుగున వేలాడుతూ ఉంటాయి. పైకెత్తడం ఉండదు. మొదట తాకేవి అవే. బురదలో తాకితే అదృష్టం, వెదురు గుంజకి తాకితే ఇరుసు వంగుద్ది.

గుంజలూ వలలూ అంటే ఏదో అడ్డం కాదండోయ్. ఆ నీటి మీద వేలాది మత్స్యకార కుటుంబాల బతుకు ఉంది. రొయ్యల ఘేరీల గొడవలో 1999 మే నెలాఖరున సొరానాలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయేరు. ఆ సరస్సులో ఒక్కొక్క వల చోటుకీ అంత చరిత్ర ఉంది. ఏడాదికి పది రోజులు వచ్చే మన పంకా ఒక వల కోసేసిందంటే దానికి నష్టపరిహారం ఇచ్చేస్తాంలే అనడం సుళువు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం వండుకుంటారో మనం చూడం. మనుషుల మాట అలా ఉంచితే, ఇరావతి డాల్ఫిన్లు నూట యాభై అటూ ఇటూగా మిగిలి ఉన్నాయి అక్కడ. గ్రూపులో "డాల్ఫిన్ల పక్కనే కాఫీ" అని రాసినవాళ్ళు ఒకసారి ఆలోచించండి.

పోనీ, దారి తెలిసినవాణ్ణి పెట్టుకుంటాం అంటారు. 2024 జనవరి 7న అప్పటి కేంద్ర మత్స్యశాఖ మంత్రి పర్షోత్తం రూపాలా గారు ఎక్కిన బోటే బర్కుల్ నుంచి సాతపడా వెళ్తూ చీకటి పడ్డాక సుమారు రెండు గంటలు చిలికాలో చిక్కుకుపోయింది. దేశానికి చేపల మంత్రి, వెంట అధికారులు, స్థానికంగా నడిపేవాళ్ళు. ఆయనకే అలాగైంది. మన వెంట ఉండేది జీపీఎస్ ఉన్న ఫోనూ, పదేళ్ళ లోపు పిల్లలు ఆరుగురూ.

చిలికా కాకపోతే గోపాల్పూర్ అన్నాడు పెద్దబ్బాయి. గోపాల్పూర్‌లో సరుకు ఓడల రేవు ఉంది, మన సరదా బోటుకి చోటు లేదు. మిగతాదంతా తెరిచిన తీరం, కెరటం నేరుగా వచ్చి ఇసక మీద విరుగుతాది. అక్కడ బతికే పడవ ఏదంటే ఒడ్డుకి లాక్కోగలిగిన పడవ. ఆరేడు టన్నుల బోటుని ఎవరు లాగుతారు? పైగా దసరా అంటున్నారు. తుపాన్ల క్యాలెండరు ఒకసారి తియ్యండి. 1999 అక్టోబరు 17 రాత్రి గంజాంని కొట్టిన తుపాను. 2013 అక్టోబరు 12, ఫైలిన్, గోపాల్పూర్ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా దసరాల్లో. 2018 అక్టోబరు 11, తిత్లీ, అదీ నవరాత్రుల్లోనే. ఫైలిన్ వెళ్ళిన మర్నాడు ఊరు ఎలాగుందో చూసినవాళ్ళు మన ఇంట్లో ఇంకా ముగ్గురం ఉన్నాం. తుపాను హెచ్చరిక వస్తే ఇంటి కిటికీలు ఎవరు బిగించాలా అని మేం చూసుకుంటుంటే, రంభ వెళ్ళి బోటుకి రెండో తాడు ఎవరు కడతారు? డెబ్బై దాటిన నేనా? మోకాలు ఆపరేషను అయిన మీ పెద్దత్తా?

రోడ్డు మీద తేవడం గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. పదకొండు అడుగుల వెడల్పు సరుకుని ముంబై నుంచి లారీ మీద తేవాలంటే ప్రత్యేక అనుమతులు, అక్కడ క్రేను, ఇక్కడ క్రేను. ఆ తరవాత కాగితాలు. 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకి తనిఖీ, రిజిస్ట్రేషను, బీమా, అర్హత ఉన్న నడిపేవాడు అడుగుతారు. అమ్మేవాడు ఇప్పటిదాకా పంపింది ఫొటోలూ, ఒక వీడియో. కాగితం ఒక్కటీ రాలేదు. బయానా పంపితే కాగితాలు పంపుతాడంట! మన తాత ఎద్దుని కొన్నా ముందు పళ్ళు చూసేవాడు, తరవాత డబ్బు తీసేవాడు.

కాగితాలది చాదస్తం అని నవ్వేవాళ్ళకి కచ్చులూరు గుర్తుచేస్తాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, గోదావరి. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు వరద నీటిలో మునిగిపోయింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే యాభై మంది దాకా పోయేరు. కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని ఆ బోటుని పైకి తియ్యలేకపోయింది. ఆ రోజు నది ఎలాగుందో, వెళ్ళొచ్చో కూడదో తేల్చవలసిన మాట బోటు కదలకముందు తేలాలి. సెలవు అయిపోతోంది, రేపు ఫ్లైటు ఉంది, పిల్లలు ఏడుస్తున్నారు అన్నప్పుడు మన ఇంట్లో "ఇవాళ వద్దు" అనేవాడు ఎవడు? బోటు అద్దెకి తీసుకుంటే ఆ మాట సరంగు అంటాడు. బోటు మనదైతే ఆ సరంగు మన జీతగాడు.

ఇంతకీ అసలు వాదన డబ్బుది కాదని నాకు తెలుసు. "మనది ఓడెక్కిన వంశం, రంగూన్ వెళ్ళిన వంశం, మనకో బోటు ఉండాలి, అది వారసత్వం" అని ఇంగ్లండు నుంచి మా చిన్నోడు పొడుగ్గా రాసేడు. చదివితే నాకూ కాస్త గుండె తడి అయింది. కానీ వారసత్వం పేరు చెప్పినప్పుడు వారసత్వం సరిగ్గా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీ మనుషులం. గోపాల్పూర్ నుంచి ఆ రోజుల్లో రంగూన్ స్టీమర్లు ఎక్కేవారు. మన ముత్తాతా ఎక్కేడు. ఎలాగ? డెక్కు టికెట్టు మీద, చాప పరుచుకుని, అటుకుల మూటతో. ఓడ ఒడ్డుకి రాలేదు. కెరటాలు దాటించి ఓడ దాకా చేర్చింది నోలియాల పడవ. మనం పడవ గలవాళ్ళం ఎన్నడూ కాము, పడవలో కూచున్నవాళ్ళం. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు రంగూన్ నుంచి మనవాళ్ళెందరో ఓడ దొరక్క అడవుల్లో నడిచి వచ్చేరు. అదీ మన ఓడల చరిత్ర. రంభలో నీటి అంచున మేడ కట్టుకున్నది పద్దెనిమిదో శతాబ్దం చివర గంజాంని ఏలిన కుంపిణీ దొర స్నాడ్‌గ్రాస్. విహారం బోటు ఆయన వారసత్వం అవుద్దేమో గాని మనది కాదు.

మరి మనది ఏది? గోపాల్పూర్ ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచే ఆ మత్స్యకారులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పూరీ పెంటకోటలో కూడా అంతే. మన పిల్లలు వారానికోసారి కంప్యూటర్లో తెలుగు పాఠం నేర్చుకుంటున్నారు. ఆ తీరంలో తెప్ప దించేటప్పుడు వినిపించే తెలుగు ఏ పాఠంలోనూ లేదు. గాలి పేర్లు, కెరటం పేర్లు, చేపల పేర్లు, నాకే సగం తెలీవు. అది పోతే మళ్ళీ దొరకదు, పాత బోట్లు ముంబైలో వచ్చే ఏడూ దొరుకుతాయి.

ఒక్క మాటకి మాత్రం నా దగ్గర జవాబు తక్కువగా ఉంది. మా కోడలు రాసింది: "మామయ్యగారూ, బోటు లేకపోతే పిల్లలు బరంపురం రారు. ఇంట్లో వాళ్ళకి ఏం ఉంది?" నిజమే. కిందటిసారి వచ్చినప్పుడు మూడో రోజుకే ఎప్పుడు వెళ్దామన్నారు. నేను నొచ్చుకోలేదని చెప్పను. కానీ బోటు కోసం వచ్చే పిల్లలు రెండో ఏడు ఇంకో పెద్ద బోటు ఉన్న చోటికి వెళ్తారు. సంక్రాంతికి రండి. బర్కుల్లోనో రంభలోనో బోటు అద్దెకి తీసుకుందాం. కాళీజాయి దీవికి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొద్దాం. పెళ్ళికి వెళ్తూ గాలివానలో మునిగిపోయిన ఆ పిల్ల జాయి కథ దారిలో నేను చెప్తాను. నాలుగు రోజులు నాలుగు రకాల పడవలు ఎక్కినా, ఆ బోటు నెలరోజులు ఊరికే కట్టి ఉంచడానికయ్యే ఖర్చులో తేలిపోద్ది.

కొచ్చిలోనో గోవాలోనో నీటి పక్కనే కాపురం ఉండి, వారం వారం బోటు మీద చెయ్యి వేయగలిగే కుటుంబాలు ఇది చదువుతుంటే నా గొడవ మీకు వర్తించదు, మీ సరదా మీది. ఒక్కటే చెప్తాను. అమ్మేవాడికి చుట్టం కాని సర్వేయరుని మీ డబ్బుతో మీరే పెట్టుకోండి. బోటుని నీట్లోంచి పూర్తిగా పైకి తీయించి అడుగు చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి మీ ఎదురుగా తిప్పించండి, మీరు వచ్చేసరికే వేడెక్కి ఉంటే అనుమానించండి. పూర్తి బరువుతో, పూర్తి వేగంతో గంటసేపు నడిపించండి. ఇందులో దేనికైనా అమ్మేవాడు సణిగితే ఇంటికి వచ్చేయండి.

మళ్ళీ మన సంగతి. బయానా లక్ష రూపాయలు శనివారం లోపు పంపాలంట, వేరే బేరగాడు కాచుకుని ఉన్నాడంట. ఆ వేరే బేరగాడికి నా శుభాకాంక్షలు. ఉమ్మడి ఖాతాకి రెండు సంతకాలు కావాలి, అందులో ఒకటి నాది. నేను పెట్టను. పడమటి గదిలో కిందటి వానాకాలం మూడు గిన్నెలు పెట్టేం, ఈసారి అయిదు పెట్టాలి. పైకప్పు మేస్త్రీని సోమవారం పొద్దున్న రమ్మన్నాను.